నలభై ఒకటో షీటులో పాత బాయి

1978 వానాకాలం. శాలిబండలోని మా గనుల సర్వే ఆఫీసులో నేను ట్రేసర్‌గా చేరి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆఫీసంటే కొత్త భవనం అనుకునేరు. సర్కారు కిరాయికి తీసుకున్న ఒక పాత దేవిడీ, నవాబుల కాలం నాటి పెద్ద బంగళా అది. ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన గదుల వరుస మాకు రికార్డు రూము. లోపలి పెద్ద హాలులో మేం నలుగురు ట్రేసర్లం, మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ నర్సింగరావు గారు. పక్క సందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిఠాయిల మీద అద్దే వెండిరేకు, వరఖ్, కొట్టే చప్పుడు. వాన పడితే కప్పు కారేది. అప్పుడు ముందు నక్షాల మీద టార్పాలిన్ కప్పి, ఆ తర్వాతే మా నెత్తుల సంగతి చూసుకునేవాళ్లం.

ట్రేసర్ పనేమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. ఒకరు గీసిన నక్షాను ఉన్నదున్నట్టు మళ్లీ గీయడం, అంతే. ట్రేసింగ్ క్లాత్ అని ఒకటి వచ్చేది. గంజి పట్టించి నున్నగా చేసిన సన్నటి గుడ్డ. కింద పెట్టింది పైకి కనబడుతుంది. అసలు నక్షా మీద దాన్ని పరిచి, జిడ్డు పోవడానికి ఫ్రెంచ్ చాక్ అనే తెల్లపొడి రుద్ది, రూలింగ్ పెన్నుతో నల్ల సిరా గీతలు దింపుతాం. చివరికి కింది మూలన ‘ట్రేస్డ్ బై’ అన్నచోట పొట్టి సంతకం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ గీత నూలుపోగంత జరిగితే నేల మీద అది మనిషి నిలువంత. నాకేమో మొదటినుంచీ ఫికర్ ఎక్కువ. గీసిందే మూడుసార్లు కొలిచేదాన్ని. నేను పప్పులో ఉప్పు కూడా స్కేలుతోనే కొలుస్తానని మా ఆయన ఏడిపించేవాడు.

ఆ రోజుల్లో మా మీద పడ్డ పని, మూతబడ్డ పాత గనులు ఎక్కడున్నాయో వెతికి నమోదు చేయడం. అంతకు కొంతకాలం కిందట ఉత్తరాదిలో ఒక బొగ్గు గనిలోకి పక్కనున్న పాత గని నీళ్లు తెగి వచ్చి, లోపలున్నవాళ్లు లోపలే పోయారు. పేపర్లో ఆ వార్త చదివి నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాతే మాకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నిజాం కాలం నుంచి దొరికిన ప్రతి కాగితాన్నీ బయటికి తీసి, పాత గనులను కొత్త షీట్ల మీదికి ఎక్కించమన్నారు. మా తెలంగాణలో బొగ్గు గనిని బాయి అనే అంటారు. వదిలేసిన బాయి ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లతో నిండిపోతుంది. పైన చూస్తే జొన్నచేను, కింద చెరువంత నీళ్లు. పక్క నుంచి తవ్వుకుంటూ వచ్చేవాడికి గోడ తెగేదాకా ఆ సంగతి తెలియదు. వాడికి ఉన్న ఆధారమల్లా మేం గీసిన షీటు.

ఒక గురువారం పొద్దున ఉత్తరాన ఉన్న ఒక బాయి నుంచి సర్వేయర్ రాజమల్లు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మైనపుగుడ్డలో చుట్టిన నక్షా చంకలో పెట్టుకుని, స్టేషన్ నుంచి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. ముఖం కూడా కడుక్కున్నట్టు లేదు. మంచినీళ్లు ఇస్తే తాగడం మరిచిపోయి గ్లాసు పట్టుకునే మాట్లాడాడు.

“మేడం, నలభై ఒకటో షీటు మీద పాత బాయి మూతి చూపిచ్చిన జాగల మేం తవ్విచ్చినం. పదడుగులు పోయినా ఎన్నడు గడ్డపార దిగని నేలనే ఉన్నది. గాడ బాయి లేదు.”

నర్సింగరావు గారు షీటు తెప్పించి చూశారు. ఎన్నో ఏళ్ల కిందటి బాయి, ఎప్పుడో పూడ్చేసి ఉంటారు, ఆనవాలు దొరక్కపోతే వింతేముంది అన్నారు. రాజమల్లు ఒప్పుకోలేదు.

“పూడ్చిన మట్టి వేరు, పుట్టిన మట్టి వేరు సార్. గది మా కూలోళ్లకు గూడ ఎరుకే.”

అతని భయం ఏమిటో నక్షా పరిచి చూపించాడు. అక్కడ ఉత్తరం దక్షిణంగా ఒక పాత బండ్లబాట ఉంది. మా షీటు ప్రకారం పాత బాయి ఆ బాటకు పడమట ఉంది. అందుకని వాళ్లు నిశ్చింతగా తూర్పు వైపు ఒక హెడింగ్ తోలుతున్నారు. హెడింగ్ అంటే బొగ్గులో ముందుకు తవ్వుకుంటూ పోయే సొరంగం. రోజుకు రెండు గజాల చొప్పున అది నడుస్తోంది. షీటు చెప్పిన చోట బాయి లేదంటే మరెక్కడ ఉన్నట్టు? ఆ హెడింగ్‌లో మొదటి షిఫ్టులో అతని సొంత అన్న ఓదెలు పనిచేస్తున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నర్సింగరావు గారిని కాదు, నన్నే చూశాడు.

హెడింగ్ ఆ రోజుకు ఎక్కడిదాకా వచ్చిందో మా ప్రింటు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టించుకున్నాను. నర్సింగరావు గారు రెండు వాక్యాల ఉత్తరం రాసిచ్చారు. రికార్డు ప్రకారం షీటు సరిగానే ఉందని అందులో సారాంశం. ఆ కాగితం జేబులో పెట్టుకుని రాజమల్లు సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక షీటు చుట్టబోతూ మూలన చూశాను. ‘ట్రేస్డ్ బై’ పక్కన నా పొట్టి సంతకం. రెండేళ్ల కిందట నేనే గీశాను దాన్ని. అయినా తప్పు ఉండదనే అనుకున్నాను, ఎందుకంటే నేను మూడుసార్లు కొలిచే మనిషిని కదా. రికార్డు రూముకు వెళ్లి అసలు నక్షా తీసుకొచ్చి మళ్లీ కొలిచాను. స్కేలు సరిపోయింది. బండ్లబాట సరిపోయింది. బాట మీద రెండు సరిహద్దు రాళ్లు ఉన్నాయి, ఉత్తరాన పెద్దది, దక్షిణాన చిన్నది. అవీ సరిపోయాయి. అన్నీ సరిపోతుంటే ధైర్యం రావాలి. నాకు మాత్రం రాలేదు.

ఆ అసలు నక్షా కూడా ట్రేసింగ్ క్లాతే, నిజాం కాలం నాటిది. అంచులు చెదలు తినేస్తే ఎప్పుడో కత్తిరించేశారు. అక్షరాలన్నీ ఆ అంచుల్లోనే ఉండేవి కాబట్టి, మిగిలినవి ఒట్టి గీతలు, చుక్కలు, బొగ్గు తీసేసిన మేర వేసిన ఎర్రరంగు. చిరిగిపోకుండా ఒకవైపు పల్చటి మల్లుగుడ్డ అతికించి ఉంది. మల్లుగుడ్డ ఎప్పుడూ వెనకవైపే అతికిస్తారు. అందుకే గుడ్డ లేని వైపు ముఖం అనుకుని, దాన్ని పైకి పెట్టి గీశాను. నేనే కాదు, మా హాలులో ఎవరైనా అలాగే గీసేవారు.

ఇప్పుడు ఆ ఎర్రరంగు మీద వేలితో రాస్తే గరుకుగా తగిలింది. అంటే రంగు నాకు కనబడుతున్న వైపే వేశారు. ట్రేసింగ్ క్లాత్ మీద రంగు ముఖం వైపు వేయరు. సిరా గీతలు చెదరకుండా వెనకవైపు వేస్తారు, అది ముందుకు లేతగా కనబడుతుంది. మా పనిలో అది మొదటి నెలలో నేర్పే పాఠం. రెండేళ్ల కిందట ఇదే నక్షా చేతికొచ్చినప్పుడు, అబ్బ, రంగు ఎంత నిగనిగలాడుతోందని సంబరపడ్డానే గాని, ఎందుకు నిగనిగలాడుతోందని ఆలోచించలేదు. గుడ్డ ఉన్నది వెనకవైపు. రంగు ఉన్నది కూడా వెనకవైపే. ఒక నక్షాకు రెండు వెనకలు ఉండవు.

ఒకవేళ నేను గీసింది వెనకవైపు నుంచి అయితే, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోతాయి. బాట కదలదు, రాళ్లు కదలవు, ఎందుకంటే అవి నడిమధ్య ఉన్నాయి. పడమట ఉన్న బాయి మాత్రం తూర్పుకు వచ్చేస్తుంది. అంటే ఓదెలు తవ్వుకుంటూ వెళ్తున్న దారిలోకి.

నర్సింగరావు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎవరు ఏ వైపు అతికించారో ఇప్పుడు ఎలా తెలుస్తుందన్నారు. మల్లుగుడ్డ ఊడదీసి చూద్దామంటే తడి చేయాలి, తడి చేస్తే రంగు కరిగిపోతుంది. ఉన్నది ఆ ఒక్క నక్షా. రికార్డు పాడుచేసిన పాపం మనకొద్దు, పెద్ద సాబు టూరు నుంచి సోమవారం వచ్చాక అడుగుదాం అన్నారు. సోమవారానికి ఎన్ని షిఫ్టులు దిగుతాయో లెక్కపెట్టాను. ఆ లెక్క ఇంటికి వెళ్లినా నన్ను వదల్లేదు.

మా ఆఫీసులో నక్షాలకు గుడ్డ అతికించిన మనిషి ఒకరున్నారు. సాలెహ్ చావుష్, రిటైరైన దఫ్తరీ. రిజిస్టర్లు కుట్టడం, చిరిగిన నక్షాలు బాగుచేయడం దఫ్తరీ పని. ముప్పై ఏళ్లు అదే చేశారు. బార్కస్‌లో ఉంటారు. శుక్రవారం పొద్దున సెలవు చీటీ రాసి పంపించి, సంతోష్‌నగర్‌లోని మా ఇంటి దగ్గర బస్సెక్కి ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

వాకిట్లో జామచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నారాయన. గోరింటాకు పెట్టిన గడ్డం, మోకాళ్లకు కట్లు. నన్ను గుర్తుపట్టి లోపలికి కేకేసి గహ్వా, అరబ్బుల కాఫీ, తెప్పించారు. తాగేదాకా విషయం ఎత్తనివ్వలేదు. నాకు ముళ్లమీద కూర్చున్నట్టుంది. అంతా విన్నాక, మల్లుగుడ్డ ఎటువైపు అతికించేవారని అడిగాను. ఆయన తన జిగురు గురించి మొదలుపెట్టారు. మైదాలో మైలుతుత్తం ఎంత కలపాలి, చెదలు దగ్గరికి రాకుండా ఎంతసేపు ఉడికించాలి. ఇక ఆపండని అనబోతుండగా అసలు మాట వచ్చింది.

“రంగు మీద లేయి పెడితే రంగు పారిపోతది బేటీ. సియాహీకి ఏం గాదు. అందుకనే రంగున్న నక్షాలకు సియాహీ దిక్కే అతికిచ్చేటోణ్ని. అప్పటి సాబుకు చెప్పిన, రిజిస్టర్ల రాయిమన్న. రాసిన్రో లేదో నాకేం ఎరుక.”

లేయి అంటే జిగురు, సియాహీ అంటే సిరా. అంటే ఆయన గుడ్డ అతికించింది ముఖం వైపు. అయితే నలభై ఒకటోది కూడా అంతేనా అంటే మాత్రం ఆయన తల అడ్డంగా ఊపారు. తనకంటే ముందు ఇంకో దఫ్తరీ ఉండేవాడట, అతని పద్ధతి వేరట. చెయ్యి పెట్టి చూడకుండా చెప్పనన్నారు. ఆ రోజు జుమ్మా. నమాజు ముగించుకుని వస్తానన్నారు. మీ మోకాళ్లతో బస్సు ఎలా ఎక్కుతారని మొహమాటానికైనా నేను అనలేదు, ఎక్కడ మానేస్తారోనని నా భయం.

మూడు గంటలకు వచ్చారు. రికార్డు రూము గడప దగ్గర చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా గాలిలో ఊపుతూ నిలబడ్డారు. తర్వాత కళ్లు మూసుకుని నక్షా మీద అరచేయి ఆడించారు. గుడ్డ అంచు పట్టుకుని వాసన చూశారు. ఇది తను అతికించిందేనని, ముఖం గుడ్డ కిందనే ఉందని చెప్పారు.

నర్సింగరావు గారు మర్యాదగానే, మీ చేతిని రికార్డుకు సాక్ష్యంగా ఎలా చూపించను చావుష్ సాబ్ అన్నారు. ముసలాయన నొచ్చుకోలేదు. నా వైపు తిరిగి, మీరు రుద్దే ఆ తెల్లపొడి తెమ్మన్నారు.

పాతకాలంలో ఒక నక్షా నుంచి ఇంకో కాగితం మీదికి చుక్కలు దింపడానికి, ముఖం వైపు నుంచి సూదితో పొడిచేవారు. సూది దిగిన వైపు నున్నగా ఉంటుంది, అవతలి వైపు చిల్లు చుట్టూ సన్నటి పెదవి లేస్తుంది. కంటికి కనబడదు. పొడి చల్లి మెత్తటి బట్టతో తుడిస్తే మాత్రం ఆ పెదవి దగ్గర కాస్త పొడి నిలిచిపోతుంది. చల్లి తుడిచాను. ఒక్కొక్క చుక్క చుట్టూ తెల్లటి సన్నటి ఉంగరం తేలింది. ఒకటి కాదు, పదకొండు చుక్కలకూ తేలింది. కొత్త ట్రేసింగ్ క్లాత్ ముక్క ఒకటి తీసుకుని సూదితో పొడిచి, రెండువైపులా అదే పొడి రుద్ది చూశాను. వెనకవైపే ఉంగరం వచ్చింది, ముఖం వైపు రాలేదు. ఇక అనుమానం లేదు. రెండేళ్ల కిందట నేను గీసింది వెనకవైపు నుంచే.

వెంటనే షీటును తిప్పి ఆ ప్రింటు మీద పెట్టి, రాజమల్లు పెట్టిన పెన్సిల్ గుర్తు నుంచి కొలిచాను. హెడింగ్ కొసకూ పాత బాయి మొదటి గదికీ మధ్య పదిహేను గజాలు. గురువారం నుంచి ఎంత తవ్వారో దానిలోంచి తీసేయాలి. పాతవాళ్ల కొలతలు అటూ ఇటూ పది గజాలు తేడా ఉండటం మామూలే. ఆ లెక్క కాగితం మీద వేయడానికి నాకు చేతులు రాలేదు.

ఫోను నర్సింగరావు గారి బల్ల మీద ఉండేది, డయలుకు చిన్న తాళం వేసి. ట్రంక్ కాల్ బుక్ చేయాలంటే ఆయన తాళంచెవి ఇవ్వాలి. ఆయన నీళ్లు నమిలారు. ఆయన చెడ్డవారు కాదు. నా జ్వరాలకూ పిల్లల పరీక్షలకూ ఎన్నోసార్లు సెలవు ఇప్పించిన మనిషి.

“సుగుణమ్మా, సాబు సంతకం లేకుండ ఒక బాయి ఆపమని నేను చెప్పి, రేపు గది తప్పని తేలితే? రెండేండ్ల నౌకరి ఉన్నది నాకు.”

“షీటు మీద ఉన్నది నా పేరు సార్. నేను చెప్త.”

ఆయన రిజిస్టరు తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నారు. పేజీ తిప్పలేదు. నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. వెనకాల మోకాళ్లు ఈడ్చుకుంటూ చావుష్ సాబు కూడా వచ్చారు. పోస్టాఫీసు మలుపు దాకా నాతో నడిచారు. అక్కడ బస్సు ఎక్కేముందు, రిజిస్టర్ల రాసిన్రా లేదా అని నేను ఆనాడే నిలబడి చూసుకోవాల్సి ఉండె బేటీ, అన్నారు.

రాజమల్లు పేర ఎక్స్‌ప్రెస్ తంతి ఇచ్చాను. షీటు తిరగబడింది, పాత నీళ్లు తూర్పున మీ ముందే ఉన్నాయి, హెడింగ్ ఆపండి అని. కింద నా పేరూ హోదా. కౌంటర్లో గుమాస్తా మాటలు లెక్కపెట్టి, ఇదేం సందేశమమ్మా అన్నట్టు పైకి చూశాడు. తప్పులేకుండా రాసుకున్నారా అని నేనే రెండుసార్లు అడిగి అతన్ని విసిగించాను.

శనివారం జవాబు రాలేదు. ఆదివారం రాదు. ఆ రెండు రోజులు నేను మనిషిని కాదు. పొద్దున ఏడు గంటలకు మొదటి షిఫ్టు దిగుతుందని రాజమల్లు చెప్పాడు. గడియారం ఏడు కొడితే చేస్తున్న పని వదిలేసి గంటలు లెక్కపెట్టేదాన్ని. తంతి అందిందో లేదో. అందినా ఒక ట్రేసర్ మాట మీద మేనేజరు పని ఆపుతాడా? రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలైతే పొయ్యి మీదున్నది వదిలేసి వెళ్లి నిలబడేదాన్ని. రెండు పూటలు అన్నం అడుగంటింది. మా ఆయన ఆ మాడిన అన్నమే తిన్నాడు. ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే నా నోట పాట రాలేదు. ప్రభువా, ఆ మనిషి పేరు ఓదెలు, అని మాత్రం చెప్పుకున్నాను. అతని ముఖం కూడా నాకు తెలియదు. పేరు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

సోమవారం పదిన్నరకు పెద్ద సాబు గదికి పిలుపొచ్చింది. నర్సింగరావు గారు అప్పటికే లోపల నిలబడి ఉన్నారు. ఎవరిని అడిగి తంతి ఇచ్చావని సాబు అడుగుతుండగానే ఫోను మోగింది. ట్రంక్ కాల్. సాబు విని, రిసీవరు నా చేతికిచ్చారు.

రాజమల్లు. లైను బరబరమంటోంది. తంతి శుక్రవారం చీకటి పడేవేళకు అందిందట. మేనేజరు నమ్మలేదు, ఆఫీసు ఉత్తరంలో షీటు సరిగానే ఉందని చెప్తుంటే ఈ తంతి ఏందని కోప్పడ్డాడట. హెడింగ్ ఆపను, కావాలంటే ముందు ఒక బోరు వేసి చూసుకో అన్నాడట. బోరంటే, తవ్వే ముందు గోడలోకి పొడుగాటి రాడ్డుతో సన్నటి చిల్లు వేసి అవతల ఏముందో చూడటం. శనివారం మొదటి షిఫ్టులో అన్నదమ్ములిద్దరే నిలబడి వేశారు.

“అక్కా, పద్దెనిమిది అడుగుల కాడ రాడ్డు చేతులకెల్లి జారినట్టు లోపలికి పోయింది. గుంజితె నీళ్లు. కుళ్లిన గుడ్ల వాసన. మా అన్న కట్టె బిరడ కొట్టి మూసిండు. అందరు మంచిగున్నరు.”

అప్పటిదాకా అతను నన్ను మేడం అనేవాడు. నేను రిసీవరు పెట్టేసి, సాబు ముందే కుర్చీలో కూర్చుండిపోయి ఏడ్చాను. ఎవరూ లేవమనలేదు.

పద్ధతి ప్రకారం నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా తంతి ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను, అక్కడితో మూసేశారు. ఫైలులో తప్పుకు కారణం ‘మూలపత్రం శిథిలావస్థ’ అని రాశారు. ఆ మాట అబద్ధమేం కాదు. నర్సింగరావు గారు నా మేలు కోరే అలా రాయించారు. ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. బాయి మనుషుల పానాలు కాపాడింది సుగుణమ్మ అని ప్యూన్లు కూడా చెప్పుకునేవారు. ఆ మెచ్చుకోలుకు నేను తగనని నాకు తెలుసు. నేనూ నోరు మూసుకునే ఉన్నాను.

మరుసటి ఏడాది ఎండాకాలంలో రాజమల్లు అన్నను తీసుకుని వచ్చాడు, పెద్దాసుపత్రిలో కళ్లు చూపించడానికి. ఓదెలుకు నలభై అయిదు దాటి ఉంటాయి. బొగ్గుపొడి లోపలే ఉండిపోయి నీలంగా మారిన గాయాల మచ్చలు చేతుల నిండా. నాకోసం గుడ్డసంచిలో సకినాలు తెచ్చాడు. తన భార్య చేసిందని చెప్పి సంచి బల్లమీద పెట్టి, ఆ నక్షా ఒకసారి చూడొచ్చా అని అడిగాడు.

దిద్దిన షీటు పరిచాను. ఆ శనివారం తను ఎక్కడ నిలబడ్డాడో చూపించమన్నాడు. చూపించాను. అక్కడ వేలు పెట్టాడు. నీళ్లెక్కడ అన్నాడు. నేను నా వేలు పెట్టాను. మా రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలాయి.

అతను వేలు తీయలేదు. నువ్వు చూసుకోకపోతే నా ఇంటిది ఈ సకినాలు చేసేది కాదమ్మా అన్నాడు. ఇక నా వల్ల కాలేదు. ఫైలులో ఏం రాశారో పక్కన పెట్టు, తప్పు గీసింది నేనే, రంగు ఎటువైపు ఉందో తెలిసి కూడా చూసుకోలేదు, నిన్ను నీళ్ల మీదికి పంపింది నేనేనని చెప్పేశాను. రాజమల్లు తలెత్తి నన్ను చూశాడు. అతనికీ అది తెలియదు.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఓదెలు షీటు మీదున్న నా సంతకం వైపు చూశాడు. చదువు రాదు అతనికి. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

“గిసోంటియి ఇంకెన్ని గీసినవమ్మా?”

ఇన్నేళ్లలో ఎన్ని గీశానో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. తెలియదని చెప్పాను. తలూపి, సకినాల సంచి అక్కడే ఉంచి, తమ్ముడి భుజం పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్నతోనే నా ఉద్యోగంలో నిజమైన పాఠం మొదలైంది. ఒక తప్పును పట్టుకున్నానన్న సంతోషంలో, దాన్ని చేసిన చెయ్యి ఇంకా ఏమేం చేసిందో నేను చూడలేదు. గొప్పగా చెప్పుకునే ఆ మూడుసార్లు కొలవడం కూడా నన్ను కాపాడలేదు. తప్పు వైపు నుంచి ఎన్నిసార్లు కొలిచినా సరిపోతూనే ఉంటుంది. మర్నాటి నుంచి నా సంతకం ఉన్న షీట్లన్నీ బయటికి తీశాను. ఒక్కో దానికీ అసలు నక్షా వెతికి, పొడి చల్లి, ముఖం ఏదో చూసి, షీటు మీద ఏ వైపు నుంచి గీశానో రాశాను. మామూలు పని ముగిశాక చేసేది కాబట్టి రెండేళ్లకు పైగా పట్టింది. నర్సింగరావు గారు రిటైరయ్యే రోజు దాకా నాతోపాటు కూర్చుని రిజిస్టరులో ఎక్కించారు. ఇంకో రెండు తిరగబడినవి దొరికాయి. ఒకదాని పైన ఊరు ఉంది.

అన్నీ పూర్తయిన రోజు ఓదెలుకు కార్డు రాశాను. చదివి వినిపించమని రాజమల్లు పేర వేశాను. మొత్తం అరవై మూడు గీశాను, అన్నీ మళ్లీ చూశాను, నీది కాక రెండు తప్పున్నాయి, దిద్దాను, ఆ రెండుచోట్లా మనుషులకు ఏమీ కాలేదు అని. క్షమించమని రాయలేదు. అతను అడిగింది అది కాదు.